డెల్టా నేలలో ప్రెషర్ పైపులైను: లెక్క కట్టడం నుంచి పూడ్చడం దాకా

గోదావరి డెల్టాలో పైపు పగిలితే నింద ముందు కేజీల మీదే, అంటే పైపు తట్టుకునే ఒత్తిడి అంకె మీదే పడుతుంది. "నాలుగు కేజీల పైపు వేశారు, అందుకే పోయింది" అంటారు. ఒక్కోసారి నిజమే, చాలాసార్లు కాదు. ధవళేశ్వరం దిగువన నేల చదును. కాలువలోంచో ఫిల్టర్ పాయింటు అనే తక్కువ లోతు బోరులోంచో నీళ్లు తోడి కొబ్బరితోటకో రొయ్యల చెరువుకో పంపడానికి ఎత్తాల్సింది చాలాచోట్ల కొద్ది మీటర్లే. ఆ ఎత్తుకు పలచ గోడ పైపైనా తట్టుకుంటుంది. ఇక్కడ పైపుల్ని పాడుచేసేవి వేరే ఉన్నాయి: కరెంటు పోయినప్పుడు లైనులో పుట్టే దెబ్బ, ఎండ, ఎండితే బీటలు తీసి తడిస్తే ఉబ్బే నల్లమట్టి, ఖాళీ పైపును పైకి లేపేసే ఊటనీరు, తడిమీద వేసిన అతుకు. వీటిని వదిలేసి కేజీలు పెంచుకుంటూ పోతే డబ్బు దండగ.

కింద చెప్పేది 63 నుంచి 160 మి.మీ. దాకా ఉన్న లైన్ల సంగతి. వాడుకలో రెండంగుళాలు, మూడంగుళాలు, నాలుగంగుళాలు, ఆరంగుళాలు అంటున్నవి వరసగా 63, 90, 110, 160 మి.మీ. పైపులు. ఈ మి.మీ. లెక్క బయటి వ్యాసానిది. కేజీలు పెరిగేకొద్దీ గోడ లోపలికే మందమవుతుంది, నీళ్లు పోయే దారి తగ్గుతుంది.

పైపు మీది అంకెకు ఉన్న షరతులు

పీవీసీ నీటి పైపుకు మన దేశ ప్రమాణం ఐఎస్ 4985. అందులో తరగతులు 2.5, 4, 6, 8, 10, 12.5 కేజీలు. చదరపు సెంటీమీటరు మీద అన్ని కేజీల ఒత్తిడి అని అర్థం. ఒక్కో కేజీ దాదాపు 10 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. 110 మి.మీ. పైపుకు ఉండాల్సిన కనీస గోడ మందం 2.5 కేజీలకు 1.6 మి.మీ., 4 కేజీలకు 2.5, 6 కేజీలకు 3.7, 8 కేజీలకు 4.9, 10 కేజీలకు 6.1. వేరే సైజుకు కావాలంటే లెక్క సులువే. కేజీలను పదితో భాగిస్తే మెగాపాస్కల్స్ వస్తాయి. ఆ ఒత్తిడిని బయటి వ్యాసంతో గుణించి, 17.2కు ఆ ఒత్తిడిని కలిపితే వచ్చేదానితో భాగించండి. 90 మి.మీ., 6 కేజీలైతే 0.6 × 90 = 54. దాన్ని 17.8తో భాగిస్తే 3.03. ప్రమాణంలో ఉన్నది 3.1.

ఈ అంకెలన్నీ 27 డిగ్రీల నీటికి. ప్లాస్టిక్ వేడెక్కితే మెత్తబడుతుంది. పైపు గోడ 45 డిగ్రీలకు చేరితే దాని బలంలో మూడో వంతు నుంచి సగం దాకా పోయినట్టే లెక్కవేసుకోవాలి. మే నెలలో గట్టు మీద పడి ఉన్న లైనులో నీళ్లు కదలకుండా నిలిస్తే ఆ వేడి మామూలే. అంటే బయట పరిచిన 6 కేజీల పైపు మధ్యాహ్నం పూట 4 కేజీల పైపు కిందే లెక్క. రెండడుగుల లోతున పూడ్చినదానికి ఈ బెడద ఉండదు.

ఇంకో సంగతి. ప్లాస్టిక్ ఎడతెరిపి లేని ఒత్తిడికి ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది. అందుకే పైపు తరగతిని ఈ రోజు ఎంతకు పగులుతుంది అన్నదాన్ని బట్టి కాక, దీర్ఘకాలం ఎంత మోయగలదు అన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఫ్యాక్టరీలో గంటసేపు చేసే పరీక్షలో రేటింగుకు నాలుగు రెట్లకు పైగా ఒత్తిడి పెడతారు. 60 డిగ్రీల వేడిలో వెయ్యి గంటల పరీక్ష విడిగా ఉంది. కాబట్టి "పది కేజీలు పెట్టి చూశాం, ఆగింది" అని 4 కేజీల పైపు మీద భరోసా పెట్టుకోకండి. మంచి పైపు ఎలాగూ ఆగుతుంది. దానివల్ల పైపు రోజూ పది కేజీలు మోస్తుందని తేలదు.

ఒత్తిడి లెక్క

ఒక లైను తీసుకుందాం. కాలువ నుంచి చెరువుకు 600 మీటర్లు, 110 మి.మీ. 6 కేజీల పైపు, సెకనుకు 8 లీటర్లు. లోపలి వ్యాసం 102.6 మి.మీ. కనుక నీటి వేగం సెకనుకు మీటరు కంటే కొంచెం తక్కువ. ఆ వేగంలో రాపిడికి 600 మీటర్ల పొడవునా పోయేది 6 మీటర్లు. ఎత్తు 3 మీటర్లు, బెండ్లకూ వాల్వులకూ ఇంకో మీటరు. మొత్తం 10 మీటర్లు, అంటే ఒక్క కేజీ.

ఒక్క కేజీకి 2.5 కేజీల పైపు చాలదా అనిపిస్తుంది. తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే.

600 మీటర్ల పైపులో దాదాపు 5 టన్నుల నీరు కదులుతూ ఉంటుంది. గేట్‌వాల్వు ఠక్కున మూసినా, కరెంటు పోయి వెనక్కి మళ్లిన నీటికి, నీటిని ఒకే వైపు పోనిచ్చే వాల్వు, అంటే ఎన్‌ఆర్‌వీ దబ్బున పడినా ఆ కదలికంతా ఒత్తిడిగా మారుతుంది. ఈ పైపులో ఒత్తిడి అల పరుగెత్తే వేగం సెకనుకు సుమారు 320 మీటర్లు. దాన్ని నీటి వేగంతో గుణించి 9.81తో భాగిస్తే 31 మీటర్లకు పైనే, అంటే 3 కేజీలకు పైగా వస్తుంది. మామూలుగా ఉండే ఒక కేజీ మీద ఇది అదనం. మొత్తం 4 కేజీలు దాటింది. నీటి వేగం సెకనుకు మీటరున్నర చేస్తే దెబ్బ కూడా ఒకటిన్నర రెట్లవుతుంది. సైజు తగ్గించి మోటారు పెంచుకునేవాళ్ల లైన్లు తరచూ పగలడానికి కారణం ఇదే.

దెబ్బకు రెండో ముఖం కూడా ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మోటారు ఆగిన క్షణాన ముందున్న నీరు తన ఊపుతో ముందుకే పోతుంది, వెనక ఖాళీ ఏర్పడి పైపు లోపలికి లాగబడుతుంది. 110 మి.మీ. 2.5 కేజీల పైపు గోడ 0.23 కేజీల బయటి ఒత్తిడికే చప్పిడి అయిపోతుంది. పూర్తి శూన్యం పుడితే బయటి గాలి ఒత్తిడి ఒక కేజీ. 4 కేజీల పైపు 0.9 దాకానే తట్టుకుంటుంది, కాస్త కోడిగుడ్డు ఆకారంలోకి తిరిగి ఉంటే అంత కూడా తట్టుకోదు. 6 కేజీలది 3 కేజీల దాకా తట్టుకుంటుంది. కాబట్టి ఈ లైనుకు 6 కేజీల పైపు వేయాలి. దానికి కారణం నీళ్లు ఎత్తే ఎత్తు కాదు, ఈ లాగుడూ ఆ దెబ్బా. మోటారు నీరు పీల్చుకునే సక్షన్ వైపు కూడా 6 కేజీలకు తగ్గకండి.

పొడవు తక్కువ, 100 మీటర్ల లోపు, చివర తెరిచే ఉండి బోదెలోకి పోసే లైనైతే 4 కేజీలది పూడ్చి వాడుకోవచ్చు. 2.5 కేజీలది మోటారు ఉన్న చోట దండగ.

దెబ్బను తగ్గించడానికి చేయాల్సినవి పెద్ద ఖర్చువి కావు. ఈ లైనులో అల పోయి రావడానికి 4 సెకన్లు పడుతుంది. గేట్‌వాల్వు మూయడానికి అరనిమిషం తీసుకుంటే దెబ్బలో చాలా భాగం ఉండదు. పొడవాటి లైనులో పిడి ఒక్క తిప్పుతో మూసుకునే బాల్‌వాల్వు పెట్టకండి. ఎన్‌ఆర్‌వీ స్ప్రింగుతో త్వరగా మూసుకునే రకం తీసుకోండి. నీరు వెనక్కి వేగం అందుకోకముందే అది పడిపోవాలి. మోటారు దగ్గర ఎన్‌ఆర్‌వీ దాటాక ఒకటి, లైను గట్టెక్కి దిగే ప్రతి మిట్ట మీదా ఒకటి ఎయిర్‌వాల్వు ఉండాలి. గాలిని వదలడమే కాక లోపలికి పీల్చుకునే రకమే కావాలి. ఇక ఆటో స్టార్టర్. కరెంటు వచ్చీరాగానే మోటారు లేచే విధంగా వదిలేస్తే, వెనక్కి వస్తున్న నీటిని పంపు ఎదురు తోస్తుంది. రిలేలో కనీసం రెండు మూడు నిమిషాల ఆలస్యం పెట్టించండి. రోజుకు పదిసార్లు ఆన్, ఆఫ్ అయ్యే చెరువు లైన్లకు ఇది తప్పనిసరి. ఒక్క దెబ్బకు పగలని పైపు వేల దెబ్బలకు అలసి, అతుకు పక్కన సన్న గీతలా చీలుతుంది.

పీవీసీయా, హెచ్‌డీపీఈయా

గట్టి మెరకలో, కొబ్బరితోటల్లో పీవీసీ చవక, పని తేలిక. భీమవరం, ఆకివీడు వైపు బంక నేలల్లో, ఉప్పుటేరు పక్కన, మెత్తగా కుంగే గట్ల మీద హెచ్‌డీపీఈ నయం. ఇది పాలిథిలీన్ అనే మెత్తటి ప్లాస్టిక్ పైపు, చుట్టలుగా వస్తుంది, అతుకులు తక్కువ, నేల కదిలితే తానూ వంగుతుంది. దాని ప్రమాణం ఐఎస్ 4984. పీఈ 100 అనే పాలిథిలీన్ రకంలో బయటి వ్యాసం గోడ మందానికి 26 రెట్లుంటే 6 కేజీలు, 17 రెట్లుంటే 10 కేజీలు. దాని నల్లరంగు ఎండ కోసం కలిపే కార్బన్ బ్లాక్, రెండున్నర శాతం చుట్టూ ఉండాలి. ఉప్పునీరు ఈ రెండు పైపుల్నీ ఏమీ చేయదు. తినేసేది మధ్యలో పెట్టే జీఐ (జింకు పూసిన ఇనుము) నిప్పుల్‌ను, ఇనుప క్లాంపును, బోల్టును. ఉప్పునీటి లైనులో అవి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువో, ప్లాస్టిక్‌వో వాడాలి.

మురుగు, వాననీటికి అమ్మే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు ఐఎస్ 13592ది. అది ప్రెషర్ పైపు కాదు. బోరు కేసింగు పైపు ఐఎస్ 12818ది, దాని లెక్క వేరు. చవకగా మిగిలాయని వీటిని మోటారు లైనుకు కలిపితే, ఒకటి కాకపోతే ఒకటి పగలడం ఖాయం.

కొట్టు దగ్గర చూడాల్సినవి

పైపు మీద ఐఎస్ నంబరు, ఐఎస్‌ఐ ముద్ర, దాని కింద సీఎం/ఎల్ లైసెన్సు నంబరు, సైజు, తరగతి, బ్యాచి ఉండాలి. ఆ లైసెన్సు నంబరును ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరిదో, ఇంకా చెల్లుతోందో తెలుస్తుంది. తర్వాత వెర్నియర్ పెట్టి కొస చుట్టూ ఆరు చోట్ల మందం కొలవండి. అన్నిటికంటే తక్కువ వచ్చినదే అసలు మందం. ఒక వైపు 4.2, ఎదుటి వైపు 3.2 ఉంటే సగటు సరిపోయినా ఆ పైపు తీసుకోకూడదు.

బరువు చూసి మురిసిపోవద్దు. 110 మి.మీ. 6 కేజీల పైపు 6 మీటర్ల ముక్క సుమారు పదిన్నర కేజీలు తూగాలి. సుద్ద పొడి ఎక్కువ కలిపినది ఇంకా బరువు తూగుతుంది, పెళుసుగానూ ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక ముక్క కోసి తూచండి, కొలజాడీలో ముంచి ఎన్ని మిల్లీలీటర్ల నీరు పైకి వచ్చిందో చూడండి. గ్రాముల్లో బరువును ఆ మిల్లీలీటర్లతో భాగిస్తే 1.40 నుంచి 1.46 మధ్య రావాలి. 1.55, 1.6 వచ్చిందంటే సుద్దకు పైపు ధర కడుతున్నట్టు. ఇంకో ముక్కను నాలుగైదు అంగుళాల పొడవు కోసి, వైసులో పెట్టి మెల్లగా నొక్కండి. మంచిది చీలకుండా చదునవుతుంది. సుద్దది టప్పున విరుగుతుంది, విరిగిన అంచు పలుగురాయిలా గరుగ్గా ఉంటుంది.

తెచ్చినవాటిని నీడలో, చదునైన నేల మీద, మీటరున్నర ఎత్తు మించకుండా పేర్చండి. సాకెట్ కొసలు (వెడల్పు చేసి ఉండే కొసలు) ఒక వరసలో ఇటు, తర్వాతి వరసలో అటు రావాలి. పైన కొబ్బరాకో తాటాకో కప్పండి. టార్పాలిన్ బిగించి కడితే లోపల వేడి చేరి పైపులు వంగుతాయి. నెలల తరబడి ఎండలో పడి ఉన్న పీవీసీ పైన తెల్లటి పొడి రాలుతుంది. దాని ఒత్తిడి బలం అంతగా తగ్గదు కానీ, గునపం తగిలితే చాలు పగులుతుంది.

కందకం

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తవ్వితే ఊటనీరు కిందికి ఉంటుంది, పని సగం తేలిక. కానీ అప్పుడే ఎండ మండుతుంది. 45 డిగ్రీల పైపును అతికి పూడ్చి, తర్వాత 28 డిగ్రీల నీరు వదిలితే 100 మీటర్ల పీవీసీ లైను 12 సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది. హెచ్‌డీపీఈ రెండింతలకు పైగా. ఆ లాగుడంతా అతుకుల మీద పడుతుంది. అందుకే తవ్వడం పగలు, అతకడం, పూడ్చడం తెల్లవారుజామున. కందకంలో పైపును సరళరేఖలా బిగించకుండా పాములా కొద్దిగా వంపులు తిప్పి పరచండి.

లోతు పైపు నెత్తి మీద 90 సెం.మీ. మట్టి ఉండేలా. ట్రాక్టరు, కోత మిషను తిరిగే చోట దీనికి తగ్గించొద్దు. వెడల్పు పైపు కంటే ఒక అడుగు ఎక్కువ చాలు. అడుగున 10 సెం.మీ. ఇసుక పరచండి. నల్లమట్టి గడ్డల మీద నేరుగా వేస్తే, అవి ఎండాకాలం కుంగి వానాకాలం ఉబ్బి పైపును అక్కడక్కడ దూలంలా నిలబెడతాయి. సాకెట్ వచ్చే చోట ఇసుకలో చిన్న గుంట తీయాలి, లేకపోతే బరువంతా సాకెట్ల మీదే ఆగుతుంది. పక్కల్లో ఇసుక వేసి చేత్తో, కాలితో అదమండి. పైపు గుండ్రంగా నిలవడానికి అసలు బలం ఆ పక్క ఇసుకే. నెత్తి మీద అడుగు దాకా ఇసుకో పొడిమట్టో, ఆ పైన మాత్రమే తవ్విన గడ్డలు. పొక్లెయిన్ బకెట్టుతో గడ్డల్ని నేరుగా పైపు మీదికి వదలకండి.

కొబ్బరితోటలో చెట్ల వరసలకు నడిమధ్యన పోండి. 25 అడుగుల ఎడం ఉన్న తోటలో మధ్య బాటన వేర్ల ఒత్తిడి తక్కువ, పాదులు తవ్వే గునపమూ తగలదు.

ఊటనీరు ఆగని చోట ఖాళీ పైపు తేలుతుంది. 110 మి.మీ. పైపు మీటరుకు ఏడున్నర కేజీలు, 160ది 16 కేజీలు పైకి తోస్తుంది. పలచటి బురద దాన్ని ఆపలేదు. అతుకులు ఆరగానే పైపును నీళ్లతో నింపి, అప్పుడు పూడ్చండి.

గట్టు దాటే చోట మాత్రం ఇదంతా తిరగేయాలి. చెరువు గట్టు కింద పైపు చుట్టూ ఇసుక వేస్తే ఆ ఇసుకే నీటికి దారి అవుతుంది. మొదట చెమ్మ, తర్వాత ఊట, ఒక రాత్రి గండి. అక్కడ ఇసుక వద్దు, తడి బంకమట్టిని అరచేయి మందం పొరలుగా వేసి దిమ్మిస కొట్టండి. గట్టు మధ్యలో పైపు చుట్టూ రెండడుగుల చదరం కాంక్రీటు కాలరు ఒకటి కట్టండి. ఎలుకలు, పీతలు పైపు వెంట బొరియ తీస్తే అక్కడ ఆగుతాయి.

అతుకు

సాల్వెంట్ సిమెంటు అతుకు జిగురు అతుకు కాదు. రెండు గోడల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే తడి, మట్టి, నూనె ఏది మధ్యలో ఉన్నా ఆ మేర అతుకు లేనట్టే.

సన్న పళ్ల యాక్సా బ్లేడుతో అడ్డంగా సరిగ్గా కోయండి. బరక అంచును ఆకురాయితో తీసి, బయటి అంచును కాస్త వాలుగా అరగదీయండి. వాలు లేకపోతే పైపు లోపలికి పోతూ సిమెంటును ముందుకు గీకేస్తుంది. పొడిగా దూర్చి చూడండి. సాకెట్ లోతులో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల మధ్య బిగుసుకోవాలి. వదులుగా అడుగు దాకా పోతే ఆ ఫిట్టింగు మార్చండి, సిమెంటు ఎక్కువ పూసి సరిపెట్టకండి. ఎంత లోతు పోవాలో పైపు మీద గీత గీయండి. సాకెట్ లోపల పలచగా, పైపు మీద కాస్త నిండుగా పూసి, 20 సెకన్ల లోపే పావు చుట్టు తిప్పుతూ గీత దాకా దూర్చి, అరనిమిషం అలాగే పట్టుకోండి. వదిలేస్తే వెనక్కి జారుతుంది. అంచున మిగిలిన సిమెంటు తుడిచేయండి, అది పైపును మెత్తబరుస్తూనే ఉంటుంది. ఒత్తిడి పెట్టడానికి 24 గంటలు ఆగాలి. డబ్బాలో జావలా చిక్కబడినది పారేయండి, పెట్రోలు కలిపి వాడకండి.

కప్లింగు ఖర్చు మిగులుతుందని పైపు కొసను గడ్డి మంట మీద కాల్చి సాకెట్ తీసే అలవాటు ఇంకా ఉంది. సాగిన చోట గోడ పలచబడుతుంది, మాడిన చోట పెళుసెక్కుతుంది. మూడు నాలుగేళ్లకు లీకయ్యేది సాధారణంగా ఆ సాకెట్టే.

110 మి.మీ., ఆపైన పొడవాటి లైనుకు రబ్బరు రింగు అతుకు మేలు. కుంచించుకుపోవడాన్నీ, నేల కదలికనూ అదే సర్దుకుంటుంది. రింగుకు సబ్బు నీరు రాయండి, గ్రీజు, ఇంజను ఆయిలు రాస్తే రబ్బరు ఉబ్బి చెడుతుంది. అడుగు దాకా కొట్టేయకుండా ఒక సెంటీమీటరు ఖాళీ వదలాలి.

రింగు అతుకుల లైను బెండు దగ్గర ఊడిపోకుండా కాంక్రీటు దిమ్మ ఉండాలి. 110 మి.మీ. 90 డిగ్రీల బెండు మీద 6 కేజీల పరీక్షలో పడే తోపుడు 800 కేజీలు. మెత్తని బంకమట్టికి చదరపు మీటరుకు రెండున్నర టన్నులు మాత్రమే ఆనిద్దామంటే దిమ్మ వీపు 60 × 60 సెం.మీ. ఉండాలి. ఆ వీపు తవ్వని గట్టి మట్టికి ఆనాలి, పూడ్చిన మట్టికి కాదు.

పరీక్ష

అతుకులు కనిపించేలా వదిలి, పైపు నడుముల మీద మట్టి వేసి ఉంచండి. దిమ్మలకు వారం నీళ్లు పట్టాకే పరీక్ష. 600 మీటర్ల లైనుకు 5,000 లీటర్ల నీరు పడుతుంది. గాలి చివరి వాల్వుగుండా పోయేలా అరగంట తీసుకుని మెల్లగా నింపండి. చిక్కుకున్న గాలి స్ప్రింగులా నొక్కుకుని, ఒక్కసారిగా వదిలినప్పుడు ఫిట్టింగుల్ని ఎగరగొడుతుంది. గాలితో పరీక్ష అసలే చేయకూడదు.

రాత్రంతా నీటితో వదిలి, తెల్లారాక చేతి టెస్టు పంపుతో మీ లెక్కలో దెబ్బతో సహా వచ్చిన ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకు తీసుకెళ్లండి. పై లైనులో 4 కేజీలు కాబట్టి 6. మొదటి కొద్ది నిమిషాల్లో ముల్లు కొంచెం తగ్గుతుంది, పైపు సాగడం వల్ల. మళ్లీ నింపి గంటసేపు చూడండి. అప్పుడూ ఆగకుండా దిగుతుంటే అతుకుల్ని చేత్తో తడుముతూ వెళ్లాలి. మధ్యాహ్నం ఎండలో తెరిచి ఉన్న లైనుకు ఈ పరీక్ష పెట్టకండి.

పూడ్చిన లైనులో లీకు వస్తే

డెల్టాలో గొయ్యి తవ్వితే నీరు ఊరుతూనే ఉంటుంది. పైపులోంచి కూడా చుక్కలు పడుతూ ఉంటాయి. ఆ తడిలో సాల్వెంట్ సిమెంటు పట్టదు, ఎన్నిసార్లు వేసినా. పగిలిన చోటుకు అటూ ఇటూ అడుగు చొప్పున బాగున్న గోడ దాకా కోసి తీసేయండి, ఎందుకంటే పగులు కంటికి కనిపించేదాని కంటే పొడవు ఉంటుంది. గొయ్యిని పైపు కంటే అర అడుగు కిందికి తవ్వి, ఓ మూల గుంటలోంచి నీటిని తోడుతూ ఉండాలి. కొత్త ముక్కను రెండు కొసలా రబ్బరు రింగులున్న రిపేరు కప్లర్లతో కలపండి. అవి పైపు మీద పూర్తిగా వెనక్కి జరిగి, ముక్క కూర్చున్నాక ముందుకు రావాలి. కాబట్టి కోసేముందే పాత పైపు మీద కప్లరు పొడవు మేర మట్టి శుభ్రం చేసి, గీతలుంటే నున్నగా రుద్దండి. పూడ్చేటప్పుడు తీసిన బురద వేయకండి. ఒక బండి ఇసుక తెప్పించి ముక్క కింద గట్టిగా కూరండి, లేకపోతే పక్క పైపు నెలలోనే కుంగి రెండో కప్లరు దగ్గర లీకవుతుంది.